మీ కోసం ఎవరో ఎదురుచూసే పని: డిగ్రీ చదువుతూ ఇంటర్న్‌షిప్, సేవ, కాలేజీ బాధ్యతలు ఎలా చేయాలి

ఏటా ఏప్రిల్ చివరికొచ్చేసరికి మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర పిల్లలు బారులు తీరతారు. "సార్, ఇంటర్న్‌షిప్ ఎక్కడైనా చెప్పండి సార్." "సార్, రెండు వేలు కడితే సర్టిఫికెట్ ఇచ్చేస్తామంటున్నారు, కట్టేయమంటారా?" "ఎన్ఎస్ఎస్‌లో చేరితే నిజంగా ఏమైనా వస్తుందా సార్?" నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. కొన్నేళ్లు ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా కూడా చేశాను. గుమ్మం దగ్గర నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఇంతవరకూ మీరు చదివిన చదువంతా మీ మార్కుల కోసం. చదవకపోతే నష్టం మీకే. ఇంటర్న్‌షిప్‌లో, సేవలో, కాలేజీ బాధ్యతల్లో మొదటిసారి లెక్క మారుతుంది. మీరు రాకపోతే ఇంకొకరి పని ఆగిపోతుంది. నేను చూసినంతలో పిల్లల్ని పెద్దవాళ్లను చేసేది ఇదే. అందుకే ఏ అవకాశం వచ్చినా ఒక ప్రశ్న వేసుకోండి: "రేపు నేను వెళ్లకపోతే ఎవరికి ఇబ్బంది?" జవాబుగా ఒక మనిషి మొహం కళ్ల ముందుకొస్తే ఆ పని పట్టుకోండి. ఎవరూ గుర్తుకు రాకపోతే అక్కడ దొరికేది కాగితమే.

అడుగు 1: మీ టైం ఎంత ఉందో కాగితం మీద పెట్టండి

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో మార్చిన డిగ్రీ సిలబస్‌తో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. ఫస్ట్ ఇయర్ అయ్యాక సెలవుల్లో రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండ్ ఇయర్ అయ్యాక ఇంకో రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. ఆ తర్వాత సిలబస్‌లో మార్పులు వచ్చాయి కాబట్టి మీ బ్యాచ్‌కు ఏ రూలు వర్తిస్తుందో చేరిన మొదటి నెలలోనే ఆఫీసులో అడిగి రాసుకోండి. సీనియర్ చెప్పాడని నమ్మకండి, వాళ్ల బ్యాచ్ రూలు వేరై ఉండొచ్చు.

ఎన్ఎస్ఎస్‌ది ఇంకో లెక్క. రెండేళ్లలో 240 గంటలు, అంటే ఏడాదికి 120. దానితోపాటు దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. వారానికి చూసుకుంటే రెండు మూడు గంటలకు మించదు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని మీ వారం రాయండి. బస్సు ఎన్నింటికి, ఇంటికి చేరేది ఎన్నింటికి, ఇంట్లో మీ మీద ఉన్న పని ఎంత. పాలు పితికి వచ్చే పిల్లలు, సాయంత్రం కొట్లో కూర్చునే పిల్లలు నా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ల వారం, హాస్టల్లో ఉండేవాళ్ల వారం ఒకటి కాదు. మిగిలిన గంటలు లెక్కపెట్టండి. అందులో సగమే బయటి పనికి ఇవ్వండి. అటెండెన్స్ 75 శాతం కంటే కిందికి పోతే పరీక్ష ఫీజు కట్టే రోజున టెన్షన్ పడాల్సింది మీరే, అప్పుడు ఏ సర్టిఫికెట్ చూపించినా పని జరగదు.

ఒక సెమిస్టర్‌కు ఒక్క పెద్ద బాధ్యత చాలు. ఒకేసారి సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్), ఫెస్ట్ కమిటీ, ఎన్ఎస్ఎస్ లీడర్, ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ అన్నీ పెట్టుకున్నవాళ్లు నవంబర్‌కల్లా అన్నిటికీ "సారీ సార్" చెప్పడం చాలాసార్లు చూశాను.

అడుగు 2: మొదటి ఏడాది సేవతో మొదలుపెట్టండి

ఇంటర్న్‌షిప్‌కు పని రావాలి. లీడర్ కావాలంటే నలుగురికి మీరు తెలియాలి. సేవకు మాత్రం మనిషి వస్తే చాలు. అందుకే ఫస్ట్ ఇయర్‌లో ఇక్కడ మొదలుపెట్టమంటాను.

ఎన్ఎస్ఎస్ 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో మొదలైంది. "నేను కాదు, మీరు" అన్నది దాని నినాదం. చీపురు పట్టుకుని ఫొటో దిగడమే ఎన్ఎస్ఎస్ అనుకునేవాళ్లు ఉన్నారు, కొన్నిచోట్ల అలా జరుగుతున్న మాట కూడా నిజం. కానీ ఏడు రోజుల క్యాంపులో 50 మందికి తెల్లారుజామున ఉప్మా వండిన పిల్లవాడికి, రాత్రి ఊళ్లో నీళ్ల ట్యాంకు దగ్గర సర్పంచ్‌తో మాట్లాడి మర్నాటి పని ఖాయం చేసుకొచ్చిన అమ్మాయికి అది ఎంత నేర్పిందో నాకు తెలుసు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఊళ్లో ఇంటింటి సర్వే ఉంటుంది. దీన్ని ఎలా చేయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేస్తున్నారు. అది మోసం అని వేరే చెప్పక్కర్లేదు. దానికంటే నన్ను బాధపెట్టేది, ఒక మంచి అవకాశం అలా చేజారిపోవడం.

ముందు కాలేజీ ఇచ్చిన లెటర్ తీసుకుని పంచాయతీ ఆఫీసుకో గ్రామ సచివాలయానికో వెళ్లండి. అక్కడి ఉద్యోగులకు మీరెవరో తెలియాలి. తర్వాత అంగన్‌వాడీ టీచర్ దగ్గరికో ఆశా వర్కర్ దగ్గరికో వెళ్లండి. ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకు తెలిసినంతగా ఏ రిజిస్టర్‌కూ తెలియదు. మొదటి రోజు వాళ్లతో కలిసి తిరిగితే రెండో రోజు నుంచి మీకు తలుపులు తెరుస్తారు.

వేళ ముఖ్యం. మే నెలలో పొద్దున పనికి పోయినవాళ్లు ఎండెక్కాక ఇంటికొచ్చి పడుకుంటారు. మధ్యాహ్నం తలుపు కొడితే విసుక్కోవడం వాళ్ల తప్పు కాదు. సాయంత్రం ఐదు దాటాక వెళ్లండి.

మా స్టూడెంట్ ఒకబ్బాయి ఒక పెద్దావిడ గుమ్మం ముందు నిలబడి, అట్ట మీద ఫారం పెట్టుకుని, "అమ్మా, మీ నెలసరి ఆదాయం ఎంత?" అని మొదలుపెట్టాడు. ఆవిడ ఇతన్ని పైనుంచి కిందికి చూసి, "ఏ బ్యాంకు బాబూ?" అని తలుపు వేసేసుకుంది. మర్నాడు సాయంత్రం వెళ్తే ఆవిడ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. అబ్బాయి ఫారం సంచిలో పెట్టేసి, పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకున్నాడు. పెచ్చు ఎలా ఊడదీయాలో, ఈనె తెగకుండా ఎలా లాగాలో ఆవిడ చూపించింది. కిలో గింజ తీస్తే ఎంత ఇస్తారో చెప్పింది, ఆ డబ్బు దేనికి పోతుందో చెప్పింది. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోందని అప్పుడే బయటపడింది. రోజూ వేసుకుంటే నెల తిరక్కుండా అయిపోతాయట. ఫారంలో 'ఆదాయం' అన్న గడి అలా నిండింది. ఆ అబ్బాయి ఆశా వర్కర్‌కు చెప్పి, ఆవిడ మందులు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి వచ్చేలా చూశాడు. అతని రిపోర్టులో గ్రాఫులు లేవు. ఆ పేజీ మాత్రం నేను మూడుసార్లు చదివాను.

ఇంకో సేవ గురించి ఎక్కువమందికి తెలియదు. చూపు లేని విద్యార్థులకు పరీక్షలో స్క్రైబ్‌గా రాయడం. వాళ్లు జవాబు చెబుతుంటే మీరు కాగితం మీద పెట్టాలి. వాళ్లకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు నడుస్తుంది. స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండాలని చాలా పరీక్షల్లో రూలు ఉంటుంది, ముందే కనుక్కోండి. 'నేను రాకపోతే ఎవరికి ఇబ్బంది' అన్న ప్రశ్నకు ఇంతకంటే నేరుగా జవాబు చెప్పే పని నాకు తెలియదు. మీరు బస్సు మిస్సయితే ఒక మనిషికి ఏడాది పోతుంది.

ఒప్పుకుంటే ఇలా చేయండి. పరీక్షకు ముందు రోజు ఫోన్ చేసి మాట్లాడండి, వాళ్ల ఉచ్చారణ మీకు, మీ గొంతు వాళ్లకు అలవాటు కావాలి. పేపర్ ఇవ్వగానే మొత్తం ఒకసారి చదివి వినిపించండి, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో సహా. వాళ్లు చెప్పిందే రాయండి. జవాబు తప్పని మీకు తెలిసినా సరే, ఆ పరీక్ష వాళ్లది. అరగంటకోసారి టైం చెప్పండి. ఒక జవాబు అయ్యాక చివరి రెండు వాక్యాలు చదివి వినిపించి, "తర్వాతిదానికి పోదామా?" అని అడగండి.

మా అమ్మాయి ఒకతె మొదటిసారి స్క్రైబ్‌గా వెళ్లింది. మూడో గంటకు చేయి లాగేసి అక్షరాలు గొలుసుకట్టయిపోయాయి. ఏమీ అనలేక అలాగే రాస్తోంది. పక్కనున్న అభ్యర్థి జవాబు చెప్పడం ఆపి, "పెన్ను చప్పుడు మారింది. చేయి నొప్పెడుతోందా చెల్లీ? ఒక్క నిమిషం ఆగుదాం" అన్నాడట. టైం అతనిది, మార్కులు అతనివి. ఆ ఒక్క నిమిషం గురించి చెబుతూ ఆ పిల్ల నా ముందే ఏడ్చేసింది. ఆ తర్వాత రోజూ గంటసేపు ఆపకుండా రాయడం ప్రాక్టీసు చేసి, మళ్లీ వెళ్లింది.

అడుగు 3: ఇంట్లో ఒప్పించండి

ఈ మాట గైడ్లలో ఎవరూ రాయరు. మన దగ్గర సగం అవకాశాలు ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి, ముఖ్యంగా ఆడపిల్లలకు. "క్యాంపుకు పంపండి నాన్నా" అని ముందురోజు రాత్రి అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

పది రోజుల ముందే చెప్పండి. ఊరి పేరు, ఏ స్కూల్లో బస, తోడుగా వచ్చే మేడమ్ పేరు, ఫోన్ నంబరు, ఎన్ని గంటలకు బయల్దేరతారు, ఎప్పుడు వస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మ చేతిలో పెట్టండి. మేడమ్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. ఆడపిల్లలు వచ్చే క్యాంపుకు మహిళా లెక్చరర్ లేకపోతే వెళ్లనని మీరే చెప్పొచ్చు, అడగడం మీ హక్కు. వెళ్లాక చెప్పిన టైముకు ఫోన్ చేయండి. మొదటిసారి చెప్పిన వేళకు ఇంటికొస్తే రెండోసారి అడిగే పని సగం తగ్గుతుంది.

"చదువుకోకుండా ఈ తిరుగుళ్లేంటి" అనే నాన్నలకు కోపంతో సమాధానం చెప్పకండి. ఫీజు కోసం ఆయన ఎక్కడ అప్పు చేశారో మీకు తెలుసు. ఆయనకు కావలసింది భరోసా. గత సెమిస్టర్ మార్కుల మెమో చూపించి, "ఇవి తగ్గితే మానేస్తాను" అని మాటివ్వండి. ఇచ్చాక నిలబెట్టుకోండి.

అడుగు 4: ఇంటర్న్‌షిప్ మీ ఊళ్లోనే వెతకండి

ఇంటర్న్‌షిప్ అంటే హైదరాబాద్ హైటెక్ సిటీ అద్దాల బిల్డింగే అనుకోకండి. మీ బస్టాండ్ నుంచి నడిచి వెళ్లగల దూరంలో పని నేర్పేవాళ్లు ఉన్నారు. బీకాం పిల్లలకు ఆడిటర్ ఆఫీసు, జీఎస్టీ ఫైలింగ్ చేసేవాళ్ల ఆఫీసు, రైస్ మిల్లు అకౌంట్లు. బీఎస్సీ వాళ్లకు భూసార పరీక్షల ల్యాబ్, కృషి విజ్ఞాన కేంద్రం. భీమవరం వైపు అయితే రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులు వీధికొకటి. బీఏ వాళ్లకు జిల్లా లైబ్రరీ, లాయర్ ఆఫీసు, పేపర్ ఆఫీసు.

మెయిల్ పెట్టి కూర్చుంటే చిన్న ఆఫీసులు జవాబివ్వవు. నేరుగా వెళ్లండి. ఇస్త్రీ చొక్కా, కాలేజీ లెటర్, ఒక పేజీ బయోడేటా. రద్దీ లేని రోజు చూసుకోండి. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, 3బీ (పన్ను లెక్క) గడువు 20వ తేదీ. ఆ రెండు తేదీల ముందు రెండు మూడు రోజులు ఆ ఆఫీసులో ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. 22, 23 తేదీల్లో వెళ్లి ఇలా చెప్పండి:

"నమస్కారం సార్. నేను బీకాం సెకండ్ ఇయర్ చదువుతున్నాను. మే, జూన్ రెండు నెలలు మీ దగ్గర పని నేర్చుకుందామని వచ్చాను సార్. బిల్లులు తేదీ ప్రకారం పెట్టడం, ట్యాలీలో ఎంట్రీలు వేయడం చేయగలను. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకు ఉంటాను. ఇది మా కాలేజీ లెటర్."

'ఏ పనైనా చేస్తాను సార్' అనడం కంటే ఇది పదింతలు మేలు. మీతో ఏం చేయించుకోవాలో ఆలోచించే శ్రమ ఆయనకు తగ్గుతుంది. నలుగురు వద్దంటారు, ఐదో ఆయన "సోమవారం రా చూద్దాం" అంటాడు.

మొదటి వారం టీ తెమ్మంటారు, జిరాక్స్ తీయమంటారు. తెండి, తీయండి. కానీ జిరాక్స్ తీసే కాగితం ఏమిటో చదవండి. రెండు వారాలయ్యాక కూడా అదే పని అయితే, సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు, "సార్, కొనుగోలు బిల్లులు నన్ను ఎంట్రీ చేయనివ్వండి, మీరు చెక్ చేయండి" అని అడగండి. అడగనివాళ్లకు ఎవరూ పని అప్పజెప్పరు.

తప్పులు జరుగుతాయి. ఒక స్టూడెంట్ ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో కొత్త పార్టీ లెడ్జర్ (ఒక వ్యాపారి ఖాతా) తెరిచేటప్పుడు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ బదులు తెలంగాణ అని ఎంచుకుంది. లిస్టులో వేలు ఒక చోట పడాల్సింది ఇంకోచోట పడింది, అంతే. ఆ పార్టీ బిల్లులన్నీ వేరే రాష్ట్రంతో వ్యాపారానికి వేసే ఐజీఎస్టీ కిందికి పోయాయి, నిజానికి రాష్ట్రంలోపలి బిల్లులు కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా రెండు ముక్కలు కావాలి. పదో తేదీ రాత్రి ఇంట్లో అన్నం తింటూ ఆ పార్టీ జీఎస్టీ నంబరు గుర్తొచ్చింది. 37తో మొదలవుతుంది. 37 మన ఆంధ్ర కోడ్, తెలంగాణది 36. మర్నాడే గడువు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు భయపడుతూనే యజమానికి ఫోన్ చేసింది. "సార్, ఫలానా పార్టీ ఎంట్రీలు నేనే తప్పు వేశాను. పద్నాలుగు బిల్లులు. పొద్దున ఏడింటికి వచ్చి సరిచేస్తాను." ఆయన కసిరారట. ఏడింటికి తాళం మాత్రం ఆయనే తీశారు. డిగ్రీ అయ్యాక ఆ ఆఫీసులోనే మొదటి జీతం అందుకుంది. తప్పు చెప్పేటప్పుడు ఆ పిల్ల చెప్పినట్టే చెప్పండి: ఏం తప్పు, ఎన్ని చోట్ల, ఎప్పటికి సరిచేస్తారు. కారణాలు అడిగితేనే చెప్పండి.

డబ్బు కట్టించుకునే ఇంటర్న్‌షిప్ గురించి నా మాట సూటిగా చెబుతాను. పని చేసేది మీరు. మీరే ఎదురు డబ్బు కట్టడం ఏమిటి? కోర్సు కావాలంటే దాన్ని కోర్సు అని చెప్పి ఫీజు తీసుకుంటే అది వేరే సంగతి. రెండు వేలు తీసుకుని, వారానికో వీడియో పంపి, నెల తిరిగేసరికి సర్టిఫికెట్ మెయిల్ చేస్తే, దానిమీద ఎంత రంగు సీలు ఉన్నా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాకా కూడా నిలవదు. చేరేముందు కంపెనీ పేరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. అక్కడ చేసిన ఒక సీనియర్‌తో ఫోన్లో మాట్లాడి, "రోజూ నీ పని చూసి తప్పులు చెప్పినవాళ్లు ఎవరు?" అని అడగండి. ఎవరూ లేరంటే వద్దనుకోండి.

అడుగు 5: పదవి కంటే ముందు పని

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటిచోట్ల విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతాయి. అక్కడ పోటీ చేయాలనుకుంటే లింగ్డో కమిటీ సిఫార్సులు చదువుకోండి: 75 శాతం హాజరు, ఆ ఏడాది బ్యాక్‌లాగులు ఉండకూడదు, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. మన డిగ్రీ కాలేజీల్లో చాలావరకు ఎన్నికలు లేవు. సీఆర్, క్లబ్బుల కన్వీనర్, ఫెస్ట్ కోఆర్డినేటర్, ఇవే ఉంటాయి. చిన్నవని అనుకోకండి.

సీఆర్ పని అంటే క్లాస్ వాట్సాప్ గ్రూపులో సార్ మెసేజ్ ఫార్వర్డ్ చేయడం అనుకుంటారు. అసలు పని వేరే. ఆంధ్రలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్లలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు చివరి తేదీ దగ్గర పడుతుంటే క్లాసులో ఎవరిది ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో తెలిసినవాడు సీఆర్. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఒక పేరు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదు. వేలిముద్ర పడలేదు. ఇవే కారణాలు మళ్లీ మళ్లీ వస్తాయి. గ్రూపులో "అందరూ చేసుకోండి" అని పెడితే చేసుకోగలవాళ్లు ఎలాగూ చేసుకుంటారు. మిగిలిన ఐదారుగురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికి విడిగా వెళ్లండి. విడిగా అన్నాను, అందరి ముందు "నీ స్కాలర్‌షిప్ ఆగింది కదా" అనకండి. ఫోన్ లేని పిల్ల గ్రూపులో ఉండదని గుర్తుంచుకోండి.

ఓటరు నమోదు ఇంకో మంచి పని. 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో దేనికి 18 నిండితే అప్పుడు పేరు ఎక్కుతుంది. ఒక మధ్యాహ్నం మీ క్లాసులో కూర్చుని ఫారం 6 నింపించండి. అంతటితో వదిలేయకుండా ఎవరిది తిరస్కరించారో కొన్ని వారాల తర్వాత చూసి మళ్లీ పెట్టించండి. పని నిజంగా పూర్తయ్యేది అప్పుడే.

రక్తదాన శిబిరం పెడితే ఒక్క మాట. 18 ఏళ్లు నిండి ఉండాలి, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. ఖాళీ కడుపుతో ఎవరినీ లైన్లో నిలబెట్టకండి. ఇవి అందరూ చూసుకుంటారు. ఎవరూ చూడనిది ఇంకొకటి ఉంది. ఉత్సాహంగా వచ్చిన ఆడపిల్లల్లో చాలామందిని హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపేస్తారు. పిల్లలు సిగ్గుపడి వెళ్లిపోతారు. మీరు లీడర్ అయితే, ఆ అమ్మాయిల పేర్లు ఒక మేడమ్ చేత రాయించి, వారంలోపు పీహెచ్‌సీలో చూపించేలా ఏర్పాటు చేయండి. ఎన్ని యూనిట్లు వచ్చాయన్నది పేపర్లో వస్తుంది. ఈ పని రాదు, అయినా చేయండి.

డబ్బు చేతిలోకి వస్తే ఒంటరిగా పట్టుకోకండి. ఫెస్ట్ కలెక్షన్ ఇద్దరి దగ్గర, ప్రతి రూపాయికీ బిల్లు, అదేరోజు రాత్రి జమాఖర్చులు గ్రూపులో. నేను డిగ్రీ చదివేటప్పుడు వీడ్కోలు సభకు డబ్బు నా దగ్గరే ఉంచుకున్నాను. షామియానా వాడికి ఇచ్చినదానికి రసీదు తీసుకోలేదు. ఏడు వందల తేడా వచ్చింది. ఒక్క పైసా వాడుకోకపోయినా నెలరోజులు ఫ్రెండ్స్ కళ్లలోకి చూడలేకపోయాను. చివరికి ఇంట్లో అడిగి నా చేతి డబ్బు కట్టాను. రసీదు అడగడం అనుమానించడం కాదు. ఇద్దరినీ కాపాడుతుంది.

అడుగు 6: రోజుకు మూడు లైన్లు రాయండి

ఒక చిన్న నోట్‌బుక్ కొనండి. ఫోన్లో రాస్తే మళ్లీ చూడరు, నా అనుభవం అది. రాత్రి మూడు లైన్లు: ఈరోజు ఏం చేశాను. ఏది అర్థం కాలేదు. ఎవరికి ఏం చేస్తానని చెప్పాను. మూడో లైనే అసలైనది. అది పొద్దున లేవగానే చూసుకోండి.

బయోడేటా రాసేటప్పుడు ఈ పుస్తకం తెరవండి. "ఎన్ఎస్ఎస్‌లో చురుగ్గా పాల్గొన్నాను" అని రాస్తే అడిగేవాళ్లకు పట్టుకోడానికేమీ ఉండదు. "ఒకే ఊళ్లో 40 ఇళ్లు సర్వే చేశాను, బీపీ మందులు మధ్యలో ఆపేసిన ఆరుగురిని ఆశా వర్కర్‌కు చూపించాను" అని రాస్తే తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది, దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది. నిజంగా ఎన్ని ఇళ్లు తిరిగితే అన్నే రాయండి. ఇంగ్లిష్ తడబడినా పరవాలేదు, చేసిన పని గురించి చెప్పేటప్పుడు మాట దానంతటదే దారిలో పడుతుంది.

అడుగు 7: వదిలేటప్పుడు అప్పజెప్పి వదలండి

ఇంటర్న్‌షిప్ చివరి వారం మీరు చేసిన పని ఎక్కడ ఆగిందో ఒక పేజీ రాసి ఆఫీసులో ఇవ్వండి. సర్టిఫికెట్‌లో మీరు చేసిన పని పేరు, తేదీలు సరిగ్గా ఉన్నాయో చూసుకుని తీసుకోండి. పండక్కి ఒక ఫోన్ చేయండి.

కాలేజీ బాధ్యత అయితే జనవరి నుంచే ఒక జూనియర్‌ను వెంట తిప్పుకోండి. మీరు ప్రిన్సిపల్ రూమ్‌లోకి వెళ్తే వాళ్లూ రావాలి, షామియానా వాడితో బేరమాడితే పక్కన ఉండాలి. మార్చిలోపు ఒక ఫైలు వాళ్ల చేతిలో పెట్టండి. పర్మిషన్ లెటర్ల నమూనాలు, పాత జమాఖర్చులు, బ్లడ్ సెంటర్ నంబరు, స్కాలర్‌షిప్ చివరి తేదీలు, సచివాలయంలో ఎవరు ఏ పనికి స్పందిస్తారో. స్క్రైబ్ కావాలని ఫోన్ చేసేవాళ్ల పేర్లు, వాళ్ల పరీక్షలు ఏ నెలలో ఉంటాయో మొదటి పేజీలో రాయండి. వచ్చే పరీక్షకు మీరు ఊళ్లో ఉండరు, వాళ్లు మాత్రం పాత నంబరుకే ఫోన్ చేస్తారు.